పెద్దమ్మ వేలు పక్కన పురుగు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ ఏడాది, నాకు తెలియని విషయం ఈ లోకంలో ఉందంటే నేను నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు ఎవరేమడిగినా "చూసి చెప్తానండి" అంటున్నానంటే దానికి కారణం మా పెద్దమ్మ, ఆవిడ చోళ్ళ డబ్బా. (చోళ్ళంటే రాగులే, మా వైపు మాట.) పాడేరు దగ్గర కాఫీ తోటల్లో తెగుళ్ళు చూసి చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం నాది, మకాం కొండమీద పెద్దమ్మ ఇంట్లో. కాయ తొలిచే పురుగొకటి వస్తోందని అప్పుడు ఊరూరా ఒకటే భయం. గసగసాల గింజంత ఉంటుందట. అది కనబడిన తోటలో కాయంతా కోసి, మరిగే నీళ్ళలో ముంచి, గోతిలో పూడ్చేయాలి. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ తోటలో కాయల మీద నల్ల చుక్కలు కనబడ్డాయి. ఏడాది పొడుగునా ఆ చెట్ల కిందే బతికిన మనిషి. "ఏటే గుంటా, అదేనా?" అంది, నెమ్మదిగా. "ఫొటో తీసి చెప్తాను" అన్నాను పెద్ద డాక్టరులా.

నా ఫోను దగ్గరికి పెడితే కాయ ఎర్రటి మబ్బులా కనబడేది. అంచేత పాడైన డీవీడీ ప్లేయరు విప్పి, లోపలి చిట్టి లెన్సు పీకి, కెమెరా మీద అంటించాను. బొట్టుబిళ్ళతో అంటిస్తారని విన్నాను గానీ మాది ప్రార్థనల ఇల్లు, బొట్టుబిళ్ళ దొరకదు. పనస జిగురు రాశాను. (ఆ జిగురు ఫోను పోయేదాకా ఫోనును వదల్లేదు.) ఒక చెక్కకి కన్నం పెట్టి నాలుగు పొడుగాటి బోల్టుల మీద నిలబెట్టాను, నట్లు తిప్పితే పైకీ కిందకీ జరుగుతుంది. చెక్క మీద ఫోను, దాని కింద పగిలిన గోడగడియారం అద్దం ముక్క, అద్దం కింద టార్చిలైటు. మంచుకి ఆ అద్దం ఊరికే చెమర్చేది. తుడిస్తే గీతలు పడతాయని నా భయం. మా ఇంట్లో ఏది తడిసినా చోళ్ళ డబ్బాలో పెట్టడం అలవాటు కాబట్టి, అద్దాన్నీ పని అయ్యాక అందులోనే పాతిపెట్టేదాన్ని.

మూడో రోజు కాయ తొక్క గీరి అద్దం మీద పరిచి ఫొటో తీశాను. ఓ మూల వొళ్ళంతా వెంట్రుకలతో, ఒక కాలు ఎత్తి, బూచి. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది. ఆ పురుగుకి ఆరే ఉండాలి, రెండు మీసాలయ్యుంటాయిలే అని సర్దుకున్నాను. అయిదు చెట్ల కాయలు తెచ్చి చూశాను. అయిదింటిలోనూ అదే మూల, అదే ఎత్తిన కాలు. ఇన్ని పురుగులు ఒకేలా ఎలా నిలబడ్డాయో అర్థం కాలేదు గానీ, భయంలో అదీ ఓ లక్షణమే అనుకున్నాను. సిగ్నలు దొరికే మలుపు దాకా పరిగెత్తి మా ఆఫీసు సారుకి పంపాను. "ఇదేంటమ్మా, దెయ్యంలా ఉంది. కోసినవి మరిగే నీళ్ళలో వేసేయండి, తోట సంగతి రేపొచ్చి తేలుస్తాను" అన్నారు.

పెద్దమ్మ ఏడవలేదు. పొయ్యి రాజేసి, ఎసరు మరగనిచ్చి, మొదటి తట్ట ఎర్రటి పళ్ళు అందులో పోసింది. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఆ బూతాన్ని నాకోపాలి సూపించు" అని అద్దం మీద వేలు పెట్టింది. గోరు పక్కనే బూచి.

"పెద్దమ్మా, నీ వేలికీ పట్టేసింది" అన్నాను. కంగారుగా ఉప్పుకల్లు పెట్టి చూశాను, ఉంది. నా తలవెంట్రుక పెట్టాను, ఉంది. కాఫీ నుంచి ఉప్పుకీ మనుషులకీ పాకిందని కాసేపు నిజంగానే నమ్మాను. పెద్దమ్మ మళ్ళీ వేలు పెట్టి తీసింది, తెర వైపు చూసింది, ఇంకోసారి పెట్టి తీసింది.

"ఏలు తీసేసినాను గదే. ఇదేటి, ఇక్కడే ఉండిపోనాది?"

ఖాళీ అద్దం. కాలెత్తి అదే బూచి. పావడా అంచుతో అద్దం గట్టిగా రుద్దితే చోళ్ళ పిండీ, బూచీ రెండూ పోయాయి. డబ్బాలో పిండికి పట్టే పురుగే, చచ్చి అద్దానికి అంటుకుపోయిందన్నమాట. పెద్దమ్మ చుక్కలున్న కాయొకటి గోటితో చీరింది. లోపల రెండు గింజలు, తెల్లగా, జిగటగా, శుభ్రంగా. ఇంకొకటి, ఇంకా పది. "ముందే ఇలా సీరి సూడొచ్చు గదే" అంది. (శిక్షణలో మొదటి రోజు చెప్పింది అదే. నేనప్పుడు లెన్సు గురించి ఆలోచిస్తున్నాను.) మళ్ళీ మలుపు దాకా పరుగు. మర్నాడు సారొచ్చి బుట్టెడు కాయలు చీరి, ఎండ మచ్చలని తేల్చారు. తోట దక్కింది. ఉడికిపోయిన ఆ ఒక్క తట్ట మాత్రం పొయ్యి పక్కన ఉండిపోయింది. నేను దాని వైపు చూడలేకపోతుంటే, "పోన్లేయే, ఒక తట్టే గదా" అంది.

ఇప్పుడు నా ఆఫీసులో అసలైన మైక్రోస్కోపు ఉంది, తెరతో సహా. పొద్దున్నే ముందు ఖాళీ అద్దాన్ని చూస్తాను, కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. పోయినేడు పెద్దమ్మ ఆఫీసుకొచ్చినప్పుడు, నన్నడక్కుండానే ఆ అద్దం మీద వేలు పెట్టి, తీసి, తెర వైపు చాలాసేపు చూసింది. "ఏటీ నేదు గదే" అంది, కాస్త దిగులుగా. నాకూ అలాగే అనిపించింది.