ఒక్క గుంజుకు ఊడే ముడి

మా ఊరు ధర్మపురికి దిగువన, గోదావరి ఒడ్డున ఉంటుంది. వానకాలంలో మా వాడకట్టులో పశువులను జారుముడితో కట్టేస్తారు. కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే తాడు ఊడిపోతుంది. వరదొస్తే విడిచిపెడితే చాలు, మిట్ట ఎక్కడుందో పశువుకు మనకంటే బాగా తెలుసు.

కొన్నేళ్ల కింద ఒక రోజు పొద్దున్నే నీళ్లు ఇళ్ల మధ్యకు వచ్చాయి. మమ్మల్ని మిట్ట మీది బడికి చేర్చడానికి ట్రాక్టర్ వచ్చింది. పక్కింటి అక్క, నడవలేని అత్తను ఎత్తుకుని పోతూ నాతో అన్నది.

"తమ్మీ, నా బర్రెను గూడ ఇడువు."

మా రెండిళ్లకూ కొట్టం ఒకటే. నా ఎడ్లను విడిచాను. ఆమె బర్రె లోపలి మూలన ఉంది. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి, ఆ మూల దూలానికి పాము చుట్టుకుని కనిపించింది. గడ్డి వేసే గాడిని దాటి నీళ్లు ఎన్నడూ రాలేదు కదా అనుకుని వెనక్కి తిరిగాను.

ట్రాక్టర్ ఎక్కాక ఆమె అడిగింది.

"ఇడిచినవా?"

"ఇడిచిన తియ్యి, ఫికర్ చెయ్యకు."

లేదని చెబితే ఆమె దిగి పోయేది. అప్పటికింకా సమయం ఉంది.

మూడో రోజు నీళ్లు తీశాక వచ్చి చూస్తే కొట్టం కూలి ఉంది. బర్రె కట్టేసిన చోటే చచ్చి ఉంది. ఆమె వంగి ముడిని చూసింది, తర్వాత నన్ను చూసింది. నష్టం రాసుకోవడానికి వచ్చిన సారు, ఎందుకు విడవలేదని అడిగాడు.

"యాది మరిచిన సారూ" అన్నది.

నేను పక్కనే ఉన్నాను.

ఆ బర్రె పాలతోనే ఆమె ఇల్లు నడిచేది. తర్వాత పత్తి ఏరడానికి కూలికి పోయింది. ఊరు మాత్రం ఆ మాట వదల్లేదు. ఆమె బస్సెక్కితే చాలు, "మీ అత్తను ఎక్కించినవా, జర చూసుకో, మల్ల మరుస్తవు" అనేవారు. వాళ్లతో కలిసి నేనూ నవ్విన రోజులున్నాయి.

పోయిన వానకాలం మళ్లీ నీళ్లొచ్చాయి. ఆమెకిప్పుడొక ఈనని పడ్డ బర్రె ఉంది.

"అక్కా, నేను ఇడుస్త, నువ్వెక్కు" అన్నాను.

"నువ్వెక్కు తమ్మీ" అని తానే నడుము లోతు నీళ్లలోకి దిగింది.

"గీసారి యాదికున్నది" అని ట్రాక్టర్ మీద ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆమె ఏనాడూ మరవలేదు. నాకు చెప్పి పోయింది, నేను విడవలేదు, విడిచానని అబద్ధమాడాను. ఆ మాట ఆ ట్రాక్టర్ మీదే, వాళ్లందరి ముందు చెప్పాల్సింది. అప్పుడు కూడా తల వంచుకుని కూర్చున్నాను.