బంతిలో నీళ్లు పోసిన పిల్ల

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు మా దాదీ జిన్నుల కథలు మొదలుపెడితే నవ్వి లేచిపోయేవాణ్ణి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వీడియో క్యాసెట్లతోనే బతికాను. రీలు మీద ఉన్నదే తెర మీద కనిపిస్తుంది, లేనిది కనిపించదు. ఇది నా చేతులకు తెలిసిన సంగతి. ఇప్పటికీ అదే అంటాను.

అయినా ఇది రాయాలి. అండాలమ్మ అనే ఒక తల్లికి మతి చలించిందని ఊరంతా అనుకుంది. ఆమె మతి బాగానే ఉంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ నోరు మూసుకున్నాను.

తొంభైల మొదట్లో పోచంపల్లి బస్టాండు దగ్గర నాకొక వీడియో దుకాణం ఉండేది. పెళ్లిళ్లు తీయడం, నకళ్లు చేయడం నా పని. ఇప్పుడు డీవీడీలు నకలు తీసేవాళ్లు మెనూ ఉంచి ఎక్స్‌ట్రాలు తీసేస్తామంటారు కదా, ఆ పనే మేం క్యాసెట్లతో చేసేవాళ్లం. రెండు వీసీఆర్‌లు, మధ్యన వైరు. ఒకదానిలో కెమెరా నుంచి తీసిన అసలు క్యాసెట్ నడుస్తుంటే రెండోదానిలో నకలు ఎక్కుతుంది. వద్దనుకున్న ముక్క వచ్చినప్పుడు రెండోదాన్ని ఆపి పట్టుకోవాలి, అది దాటాక వదలాలి. అతుకు పడ్డచోట తెర మీద ఒక తెల్ల గీత అడ్డంగా వణికి పోతుంది. అర సెకను కూడా ఉండదు. మాటలు కూడా తీసేసి టేప్‌రికార్డర్ నుంచి సన్నాయి ఎక్కించేవాళ్లం.

మొదట్లో వచ్చే టైటిళ్లు మాత్రం ఎవరూ ముట్టనిచ్చేవాళ్లు కాదు. తామరపువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు, వెనుక తాతల పేర్లు, మేనమామల పేర్లు రావాలి. ఒక పేరు తప్పితే క్యాసెట్ వాపసు వచ్చేది.

ఆ ఎండాకాలం దగ్గరి ఊర్లో ఒక నేతగాళ్ల ఇంట్లో పెళ్లి తీశాను. మూడు గంటల క్యాసెట్ నిండింది. పెళ్లిపెద్ద రెండు గంటల నకలు అడిగాడు.

"పేర్లు మాత్రం అన్నీ ఉండాలె సలీమూ. బంతి భోజనాలు తీసెయ్. ఎవడెన్ని లడ్డూలు తిన్నడో మాకెందుకు?" అని నవ్వాడు.

ఆ బంతి భోజనాల్లోనే భాగ్య ఉంది. పక్కింటి పిల్ల. వడ్డనకు సాయం వచ్చింది. నాకు అంతకుముందు ఆమె పేరు కూడా తెలియదు. ఆకుపచ్చ లంగా ఓణీ, చేతిలో ఇత్తడి చెంబు. కుడిచేతి వేళ్లకు నీలిరంగు అంటి ఉంది, ఇంట్లో నూలు అద్దే వాళ్లకు అది పోదు. వరుసలో ఒక్కొక్కరికీ నీళ్లు పోస్తూ వస్తోంది. చెయ్యి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఒకే లయలో ఆడుతోంది. ఆసు పోసే చెయ్యి అది. చీరకు దారాన్ని మేకుల మీదుగా వేలసార్లు అటూ ఇటూ తిప్పే చెయ్యి.

ఒక్క నిమిషం తీసి వదలాల్సింది. నేను వదల్లేదు. లైటు వైరు కాళ్ల దగ్గరికి రాగానే పామేదో అనుకుని ఎగిరి గెంతింది. నీళ్లు ఒక ముసలాయన విస్తట్లో పడ్డాయి. ఆయన కసురుకున్నాడు. ఆమె నాలుక కరుచుకుని నవ్వింది. ఇంకా కెమెరా తన మీదే ఉందని చూసి, లైటుకు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"ఓ క్యామెరాయనా, పెండ్లిపిల్ల గాడున్నది. నన్ను తీసి ఏం జేస్తవ్?"

అంతే. ఆ తర్వాత ఆమెతో నేనెన్నడూ మాట్లాడలేదు. కానీ దుకాణంలో ఆ ముక్కను ఎన్నిసార్లు వేసుకుని చూశానో లెక్క లేదు. నాలుగు నిమిషాలు ఉంటుంది. చూసినకొద్దీ భయం పట్టుకుంది. నేను వేరే మతంవాణ్ణి. పెళ్లికాని పిల్ల మీద కెమెరా నాలుగు నిమిషాలు నిలబడిందంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఆమెకు మాట వస్తుంది, నాకు దెబ్బలు పడతాయి.

పెళ్లిపెద్ద మాట నాకు సాకుగా దొరికింది. రెండు గంటలకు తగ్గించడానికి నిజానికి బంతి మొత్తం తీసేయనక్కర లేదు. మిగతావాళ్లను కొంత ఉంచాను. ఆమె వచ్చేముందు ఆపాను, ఆమె దాటాక అప్పగింతలు మొదలయ్యేచోట వదిలాను. వారం తిరక్కుండానే అసలు క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీశాను. క్యాసెట్లు కరువు, అందరం అట్లాగే వాడేవాళ్లం. ఆమెను ఇంకెక్కడైనా చూడకపోతానా అనుకున్నాను. నాకేం తెలుసు.

వానాకాలంలో భాగ్యకు పచ్చకామెర్లు వచ్చాయి. పట్నం దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమై, పిల్ల దక్కలేదట. నాకీ సంగతి బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే తెలిసింది. దుకాణానికి వచ్చి షట్టరు సగం దించి, ఆ అసలు క్యాసెట్ వేశాను. కొత్త పెళ్లి కింద పాతది ఎక్కడైనా మిగులుతుందేమోనని చివరిదాకా తిప్పాను. చివర్లో తెర నిండా చీమలు పాకినట్టు చుక్కలు, అంతే.

రెండు నెలలకు అండాలమ్మ వచ్చింది. భాగ్య తల్లి. ఇంట్లో ఒక్క ఫొటో ఉందట, జాతరలో తీసింది, అందులోనూ పిల్ల కళ్లు మూసుకుంది.

"ఫొటోల చెయ్యి ఆడదు గద బిడ్డా," అంది. "పెండ్లిల నీళ్లు పోసింది నా పిల్ల. నీ క్యామెరాల వడే ఉంటది."

తీశాను, తుడిచేశాను అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అక్కడ లైటు చాలలేదమ్మా. ఆమెను నేను తీయలేదు" అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. పెళ్లివాళ్లను బతిమాలి వాళ్ల క్యాసెట్ తెచ్చుకుంది, నూలుబట్టలో చుట్టి. నేను చేసిన నకలే అది.

"లేకుంటే లేకపాయె," అంది. "దాని చేతి నీళ్లు తాగినోళ్లనన్న చూస్త. జర పెట్టు బిడ్డా."

టీవీ బయటి బల్లవైపు తిరిగి ఉండేది. క్యాసెట్ పెట్టి నేను టీవీ వెనుక నిలబడ్డాను. నాకు తెర కనిపించదు, ఆమె ముఖమే కనిపిస్తుంది. కావాలనే అట్లా నిలబడ్డాను. టైటిళ్లు, ఎదుర్కోళ్లు, తలంబ్రాలు సన్నాయిని బట్టి ఒక్కొక్కటీ నాకు తెలిసిపోతున్నాయి. ఆమె కదలకుండా చూస్తోంది. బంతి భోజనాలు రాబోతున్నాయని తెలిసి క్యాసెట్ డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను.

అప్పుడు ఆమె నవ్వింది. పట్టలేని నవ్వు.

"అగో, వైరు చూసి పామనుకున్నది పిచ్చిది! పోసింది, తాత ఇస్తరి నిండ పోసింది! గాయన తిట్టవట్టె. నాలుక జూడు, నాలుక కరుసుకున్నది..."

డబ్బాలు వదిలి ఆమెవైపు చూశాను. ఆమె కుడిచెయ్యి ఒళ్లో అటూ ఇటూ ఆడుతోంది, కూతురి చేతితో పాటు. కాసేపటికి చెయ్యి ఆగింది. ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు తల వంచింది.

"పెండ్లిపిల్ల గాడున్నదంట," అంది నావైపు చూసి. "నన్ను తీసి ఏం జేస్తవ్ అంటున్నది నిన్ను."

నేను టీవీ ముందుకు వచ్చేసరికి తెర మీద అప్పగింతలు నడుస్తున్నాయి.

ఆ మాట నేను తప్ప ఎవరూ వినలేదు. లైటు పట్టుకున్నాయన దూరంగా ఉన్నాడు. నకలులో మాటలే లేవు, సన్నాయి తప్ప. ఆ ముక్క సంగతి నేను ఒక్క ప్రాణికి చెప్పలేదు.

అండాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తియ్యలేదంటివి. గింతసేపు తీసినవ్ గద బిడ్డా. మంచిపని జేసినవ్," అంది. ఏ నాలుగు నిమిషాలకు భయపడి తుడిచేశానో, వాటికి ఆమె నా తలమీద చెయ్యి పెట్టింది. అప్పుడైనా చెప్పాల్సింది.

పెళ్లివాళ్లకు ఇమ్మని క్యాసెట్ నా దగ్గరే వదిలి ఆమె ఇంటికి వెళ్లాక ఆ నకలును వేసి చూశాను. తెల్ల గీత వణికి, వెంటనే అప్పగింతలు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. సాయంత్రం క్యాసెట్ వాపసు ఇచ్చేముందు పక్కనున్న ఖాళీ క్యాసెట్ మీద ఉన్నదున్నట్టు నకలు తీసుకున్నాను, గీతతో సహా.

ఇక ఆమె ఇంటింటికీ చెప్పింది. పెళ్లివాళ్లు క్యాసెట్ వేసుకుని చూస్తే ఏమీ లేదు. ఊరివాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత నవ్వారు. "అండాలమ్మా, ఇయ్యాల నీ బిడ్డ ఏ సీరియల్ల వస్తది?" అని అడిగేవాళ్లట. ఆమె కొడుకు నర్సింహ తల దించుకుని మగ్గం మీద కూర్చునేవాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నిజం జెప్పు. నువ్వేం జెప్తే గదే. మా అమ్మ చూసినన్నది దాంట్ల ఉన్నదా?"

ఉంటే చూపించమంటాడు. ఉండేది, తీసేశానంటే ఎందుకు తీసేశావంటాడు. "లేదు తమ్మీ," అన్నాను. "నేనసలు తీయనేలేదు."

అతను ఇంటికి పోయి ఏం చెప్పాడో తెలియదు. ఆ తర్వాత అండాలమ్మ ఆ ముచ్చట ఎక్కడా ఎత్తలేదట. ఎవరింటికీ పోలేదట. ఎప్పుడైనా బస్సు దిగి నా దుకాణం ముందు నుంచి పోతే మాత్రం ఒక్క క్షణం నిలబడేది. తిట్టలేదు. "ఉన్నది గద?" అని మెల్లగా అడిగేది. నేను క్యాసెట్లు సర్దుతూ ఉండేవాణ్ణి. ఆ దశాబ్దం పూర్తికాకముందే ఆమె పోయింది.

తమ్మీ నర్సింహా, నీకోసమే ఇది. మీ అమ్మ చెప్పిన ప్రతి ముక్కా నిజం. వైరు, విస్తరి, నాలుక, మాట, అన్నీ నా కళ్లముందు జరిగినవే. నేను తీశాను, నేనే తీసేశాను, నేనే లేదన్నాను.

ఇది ఎట్లా జరిగిందో ఆలోచించడం మానలేదు. భాగ్య ఇంటికెళ్లి తల్లికి ఆ పూట సంగతులు చెప్పి ఉంటుందేమో అనుకున్నాను. చెప్పి ఉంటే అండాలమ్మ మొదటిరోజే ఆ మాట అనేది, నేను తీయలేదన్నప్పుడు ఊరుకునేది కాదు. ఇంతకుమించి నా బుద్ధి పోదు.

మొన్నీమధ్య నా దగ్గరున్న ఆ నకలును డీవీడీ చేయించాను. చేసిపెట్టినాయన పద్ధతైనవాడు. తామరపువ్వు టైటిళ్లను మెనూలో పెట్టాడు. "మధ్యలో ఒకచోట గీత పడి పాడైంది, కట్ చేసెయ్యనా?" అని అడిగాడు.

వద్దన్నాను. ఆ గీత ఇంట్లో ఇప్పుడూ వేసి చూస్తుంటాను. టీవీ వెనుక కాదు, ఎదురుగా కూర్చుని. వణికి పోతుంది, అప్పగింతలు మొదలవుతాయి. నాకు మాత్రం భాగ్య ఒక్కసారీ కనిపించలేదు.