సాంచాల చప్పుడులో అన్నం సైగ

పోయిన వానాకాలం మా బాపుకు మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. మాది భివండీలో కామత్‌ఘర్. అదే జబ్బున్న తల్లిని సాకిన ఒక కూతురు రాసుకున్న మరాఠీ పుస్తకాన్ని మా అమ్మాయి నాకు చదివి వినిపించేది. ఈ జబ్బున్నవాళ్ల మాట కాదనకుండా, వాళ్లున్న కాలంలోకి మనమే వెళ్లాలని అందులో ఉంది.

"రాసేటోళ్లకేంది, ఎన్నన్న రాస్తరు" అని విసుక్కున్నాను.

ఒక సాయంత్రం బాపు ఇంట్లో కనిపించలేదు. గైబీ నగర్‌లో ఆయన జీవితమంతా పనిచేసిన సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాకు పరుగెత్తాను. అక్కడ బాపు నడుస్తున్న సాంచా మీదికి వంగి, తెగిన పోగు కోసం లోపలికి చెయ్యి పెట్టబోతున్నాడు. "బాపూ!" అని అరిచాను. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

చిన్నప్పుడు అన్నం డబ్బాతో ఇదే గుమ్మంలో నిలబడి, చెయ్యి ఊపి, వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టి చూపేదాన్ని. ఇప్పుడూ అదే చేశాను. బాపు తలెత్తి చూశాడు. సాంచా ఆపి, చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"మా బిడ్డ ఏదమ్మా? రోజూ డబ్బా అదే తెస్తది" అని నన్నే అడిగాడు.

'నేనే బాపూ' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"బడి ఇడిశినంక వస్తది. జర కూసో" అన్నాను.

వాళ్ల కాలంలోకి మనమే వెళ్లాలన్న ఆ ఒక్క మాట రాయడానికి ఆ పుస్తకం రాసిన కూతురు ఎంత ఏడ్చి ఉంటుందో అప్పుడు అర్థమైంది.

గుమ్మం పక్కన కూర్చుని, గల్లీ వైపు చూస్తూ, ఇద్దరం నా కోసం ఎదురుచూశాం.