ఎవరి కాలు?

ఉత్తరాదికి ఉద్యోగానికొచ్చి ఉంటున్న ఆర్.కె. పురం క్వార్టర్లో మా ఇంటి రూలు నేనే పెట్టాను: గడప లోపల తెలుగే. హిందీలో అడిగితే జవాబు రాదు. బళ్ళో రోజంతా హిందీ మాట్లాడే ఏడేళ్ళ మా పాపకి అలాగైనా తెలుగు అంటుకుంటుందని నా ఆశ.

క్రిస్మస్ ముందురోజు మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ తెల్ల నూలు చీర నా చేతికిచ్చింది. పోయిన వాళ్ళమ్మది. ఏటా ఆరాధనకి అదే కట్టుకుంటుంది. "జాగ్రత్తగా ఇస్త్రీ చెయ్యండి" అంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాడికి ఆ మాట కొంచెం ఎక్కువే అనిపించింది.

నూలంటే దాదాపు అంతా సెల్యులోజే. అది మర్యాద గలది, వేడి తగలగానే మండిపడదు. ముందు పీల్చుకున్న తేమను వదులుతుంది. అంతవరకూ నష్టం లేదు, ఇస్త్రీ అంటే అదే. ఆ పైన తన అణువుల్లోని హైడ్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ కూడా నీరుగా పోగొట్టుకుంటుంది. గ్లూకోజు గొలుసులు తెగుతాయి. తెలుపు పసుపవుతుంది, పసుపు గోధుమరంగవుతుంది, చివరికి బొగ్గు. అక్కణ్ణుంచి వెనక్కి దారి లేదు. ఇదంతా పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

"నాన్నా, కుఛ్ జల్ రహా హై" అంది పాప.

జలుబుతో నా ముక్కు పనిచెయ్యడం లేదు. రూలు మాత్రం పనిచేస్తోంది. ఇస్త్రీ పెట్టెను చీర మీదే ఉంచి, పాప వైపు తిరిగి, "తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

"ఏదో... కాలు..."

"ఎవరి కాలు?" అన్నాను. నా జోకుకి నేనే నవ్వుకున్నాను కూడా.

పాప బుద్ధిగా నా కాళ్ళు చూసింది, తన కాళ్ళు చూసుకుంది. 'కాలుతోంది' అన్న మాట దొరక్క చివరికి వేలితో చూపించింది. పసుపూ గోధుమరంగూ ఎప్పుడో దాటిపోయాయి.

సాయంత్రం మా ఆవిడ ఇంకా చెప్పులైనా విప్పలేదు, పాప ఎదురెళ్ళి అంది: "అమ్మా, నాకు మాట రాలేదు. అందుకే చీర కాలిపోయింది."

ఒక్క హిందీ ముక్క లేదు. అలాంటి వాక్యం కోసమే రూలు పెట్టుకున్నాను.

"తప్పు దానిది కాదు, నాది" అంటూ జరిగింది చెప్పాను. ఆవిడ చీర మడత విప్పి, ఆ నల్ల మచ్చ మీద వేలు పెట్టింది. "కమురు వాసన కూడా తెలుగులోనే రావాలా మీకు?" అంది. జలుబు సంగతి ఎత్తలేదు నేను.

మర్నాడు ఆ మచ్చ కుచ్చిళ్ళలోకి వచ్చేలా కట్టుకుని చర్చికి వచ్చింది. ఆవిడ పాటకి లేచిన ప్రతిసారీ నా కళ్ళు కుచ్చిళ్ళ మీదికే పోయాయి.

రూలు చీర కాలిన రోజు సాయంత్రమే ఎత్తేశాను. అయినా చాన్నాళ్ళు, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పాప నోరు తెరిచేది కాదు. ముందు నా మొహం చూసేది.