ముదీర్ గారి మాఫీ

ఖతర్‌కు వచ్చిన కొత్తలో, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక స్టోరులో హెల్పర్‌గా ఉన్న ఆ కాలంలో, మా ముదీర్ (మేనేజరన్నమాట) అంత దయగల మనిషి భూమ్మీద లేడని నమ్మేవాణ్ణి. బోల్టులు తెమ్మంటే బయల్దేరేవాణ్ణి. దారిలో పెయింటు డబ్బాలు వంకరగా కనిపిస్తే సర్దేవాణ్ణి, సర్దుతుంటే తెగిన వైరు కనిపించేది, ఇక బోల్టుల సంగతి దేవుడెరుగు. అప్పుడాయన వచ్చి తలమీద వేలితో తట్టుకుని, "ఇంతా మాఫీ ముఖ్" అనేవాడు. రుణమాఫీలు విన్న చెవులు కదా, నా ముఖం చూసి మాఫీ చేస్తున్నాడనుకుని, గుండెల మీద చెయ్యేసుకుని "శుక్రాన్" (థాంక్స్) చెప్పేవాణ్ణి. "మా సారు దేవుడమ్మా, ఎన్ని తప్పులు చేసినా మాఫీయే" అని ఇంటికి ఫోన్లు కూడా చేశాను.

నన్ను ఉంచుతారో పంపేస్తారో తేలాల్సిన నెలలో, సైటుకెళ్ళే బస్సులో మంచినీళ్ళ క్యాన్లు ఎక్కించమన్నారు. ఒకటి ఎక్కించానో లేదో, జతలు తప్పిన గ్లవ్స్ కనబడ్డాయి. వాటిని కలుపుతూ ఉండగానే బస్సు వెళ్ళిపోయింది. ముదీర్ వేరే బండిలో నీళ్ళు పంపించి, నా దగ్గరికొచ్చి అదే మాట గట్టిగా అన్నాడు. నేను అలవాటుగా శుక్రాన్ అన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. పక్కనున్న నా రూమ్మేటు, కరీంనగర్ అన్న, తల పట్టుకున్నాడు.

"నీకేం సమజైందిరా?"

"మాఫీ చేశారు కదన్నా."

"మాఫీ అంటే లేదని. ముఖ్ అంటే మెదడు. నీకు మెదడు లేదంటుండు తమ్మీ, నువ్వేమో శుక్రాన్ చెప్తున్నవ్."

ముదీర్ నన్ను ఉంచాడు (తిట్టినందుకు థాంక్స్ చెప్పేవాడు మళ్ళీ దొరకడనేమో). అలసట మాత్రం ఆ రోజే మొదలైంది. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చూసుకోవడం, ఎవరు తల గోక్కున్నా నన్నే అంటున్నారని బెంగపడటం, క్యాంపుకు రాగానే బూట్లతోనే మంచమ్మీద వాలిపోవడం. కంపెనీలు మారినా ఆ మాట చెవుల్లోంచి పోలేదు.

ఈమధ్యే ఒక డాక్టరమ్మ, ఒక పని మధ్యలో ఇంకో పనిలో పడిపోయే నా తీరును ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది. "అయితే మెదడు ఉందాండీ?" అని అడిగాను. "ఉంది. అన్నీ ఒకేసారి పట్టించుకుంటుంది, పాపం" అంది. ఆ 'పాపం' వినగానే నాకు ఏడుపొచ్చేసింది. బయటికొచ్చి అన్నకు ఫోన్ చేస్తే, "ఉన్నదటనా? మంచిగైంది. పైలం" అన్నాడు.

ఇవాళ ఆఫీసులో ప్రింటు కోసం లేచి, గోడ గడియారానికి బ్యాటరీ మార్చి వచ్చాను. ప్రింటు అక్కడే ఉంది. నవ్వొచ్చి, తలమీద వేలితో తట్టుకుని "మాఫీ" అనుకున్నాను, మన తెలుగు అర్థంలోనే. ఇప్పటి నాకూ, అప్పటి ఆ గ్లవ్స్ కుర్రాడికీ కలిపి.