నా వీపు మీద గీసిన ఊపిరితిత్తులు

ఇది జరిగింది. నవ్వేవాళ్లు నవ్వండి... జరిగింది మాత్రం నిజం. కూతురి మీద ఒట్టు పెట్టను, నాకున్నది అదొక్కతే.

మా ఆయన మార్కాపురం గనిలో పలకరాయి చీల్చేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చనిపోయాడు. ఆయన పక్కనే కూర్చుని పలకలు పేరుస్తూ నేనూ అదే దుమ్ము పీల్చాను. ఆయన పోయాక కూడా ఆ పనికే పోతున్నాను. కూతురు ఒంగోలులో నర్సింగు చదువుతోంది. నేను మంచాన పడితే దాని చదువు ఆగిపోతుంది. ఆ భయానికే పరీక్ష చేయించుకోకుండా తప్పించుకు తిరిగాను.

ఆయనకు మందులిచ్చిన ఆస్పత్రిలో డాక్టరు చదివే పిల్లలకు పాఠాలు చెప్పే మేడమ్ ఒకరున్నారు. బొమ్మలు గీయించి చెబుతారు... కాగితం మీద కాదు, మనిషి ఒంటి మీద. ఒకరోజు నన్ను పిలిచారు. పరీక్ష కాదు, బొమ్మేగదా అని పోయాను. తెర కట్టి, ఆడపిల్లల్ని మాత్రమే ఉంచి, నా వీపు మీద ఊపిరితిత్తులు గీయమన్నారు. రంగుపెన్నులు చల్లగా పాకుతుంటే చక్కిలిగింతలు.

"ఏందమ్మా, నా వీపేమన్నా పలకనా, మీ ఇష్టమొచ్చినట్ల గీస్తున్నారు?"

"కదలొద్దు పెద్దమ్మా, నీ ఊపిరితిత్తి వంకరైపోతాది!"

అందరూ నవ్వారు. తర్వాత మేడమ్, మా ఆయన పేరెత్తకుండా ఆయన జబ్బు సంగతే పిల్లలకు చెప్పారు. ఆ దుమ్ము ముందు ఊపిరితిత్తుల పైభాగంలో చేరుతుందట. నా నవ్వు ఆగిపోయింది.

"రేపు ఇంకో బ్యాచ్ చూడాలి, కడుక్కోవద్దమ్మా" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో ఒక్కదాన్నే. గడియ పెట్టి, రంగు చెదరకుండా రవిక విప్పి బోర్లా పడుకున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. అప్పుడు... కుయ్... ఆగింది... మళ్లీ కుయ్... పిల్లికూత. చివరి నెలల్లో ఆయన ఊపిరి అట్లాగే ఉండేది. నాదేనేమోనని ఊపిరి బిగబట్టాను.

అది ఆగలేదు.

నా వెనక... వీపుకు దగ్గరగా...

ఏదో తగిలింది. చల్లగా, గరుకుగా. మెల్లగా ఒక గీత... ఏటవాలుగా కిందికి. ఆగింది. దాని మీదుగా ఇంకొకటి. రాతిపొడి వాసన.

కరెంటు వచ్చింది. ఎవరూ లేరు. పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది.

పొద్దున నా వీపు చూసి మేడమ్ అడిగారు, "ఈ తెల్లగుర్తు ఎవరు పెట్టారు?"

"మేం కాదు మేడమ్. మా దగ్గర తెల్లరంగే లేదు" అన్నారు నిన్న గీసిన పిల్లలు.

ఫోనులో ఫొటో తీసి నాకు చూపించారు. కుడి భుజం వెనక రెక్క ఎముకకూ వెన్నెముకకూ నడుమ, నా చేయి అందని చోట... బలపంతో గీసినట్టు ఇంటూ గుర్తు.

గనిలో ఆయన ఉలితో రాయిని తట్టి చూసి, లోపల పగులుంటే అట్లాగే గీసి పక్కన పెట్టేవాడు.

ఆ గుర్తు చూశాక పరీక్షకు నేనే ఒప్పుకున్నాను. ఎక్స్‌రేలో అక్కడే చిన్న మచ్చ కనిపించింది. "తొందరగా తెలిసింది, మంచిదైంది" అన్నారు మేడమ్. కూతురు ఫోనులో ఏడ్చింది. "అమ్మా, ఇంక ఆ దుమ్ములోకి పోవద్దు. నా మాట ఇను."

పోవడం మానేశాను. కానీ ఆయన నన్ను జాగ్రత్తపడమన్నాడా... పగిలిన రాయిని పెట్టినట్టు, తన కోసం పక్కన పెట్టుకున్నాడా... తెలియదు. ఇప్పుడు రోజూ గోడకు వీపు ఆనించే పడుకుంటున్నాను.