కాలిమిషన్ మీద పడ్డ నింద

వీధిలో అందరూ ఆమెను బాబిన్ అనే పిలిచేవారు. మనిషి పొట్టి, మిషన్‌లో గిరగిరా తిరిగే దారపుచుట్టలా ఒక్కచోట నిలిచే రకం కాదు. మెట్ల కింద గదిలో కాలిమిషన్ వేసుకుని బడిపిల్లల చొక్కాల నుంచి పెద్దవాళ్ల కోట్ల దాకా కుట్టేది. మాటకు మాట అప్పజెప్పేది. అంతటి వాగుడుకాయ నెలసరి ఆగక నెలల తరబడి రక్తం పోయి పాలిపోతున్నా ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు ఇంట్లో చెప్పాక అత్తగారు నేరస్థుణ్ణి ఇట్టే పట్టేసింది. "ఆ మిషనే! పొద్దస్తమానం తొక్కితే ఒళ్లు గుల్లవదూ?"

బాబిన్ కూడా నమ్మేసింది. మిషన్‌కు మోటారు బిగించారు. కాళ్లకు పని తప్పింది గానీ రక్తం ఆగలేదు. ఆ పిచ్చి నమ్మకంతో ఇంకొన్నాళ్లు వృథా చేశారంటే వినేవాళ్లకే ఒళ్లు మండుతుంది.

చివరికి భర్త ఆస్పత్రికి లాక్కెళ్లాడు. స్కానింగులో గర్భసంచి లోపల గడ్డ కనిపించింది. డాక్టరమ్మ అందులోంచి చిన్న తునక తీసి పరీక్షకు పంపితే, క్యాన్సర్ కావచ్చని వచ్చింది.

"గర్భసంచి తీసేస్తారా అమ్మా?" అంది బాబిన్. బిడ్డ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి. మిగిలిన గుడ్డముక్కలతో ఒక బుల్లి గౌను కుట్టి దాచుకుంది కూడా.

"క్యాన్సరే అయితే తప్పదు. కానీ నీ వయసుకీ, స్కానింగుకీ అది పొసగడం లేదు. ఆ తునక స్లైడ్లు ఇంకో పెద్ద డాక్టరుకి చూపిస్తాను. అప్పటిదాకా కంగారుపడకు."

కంగారుపడకుండా ఎలా ఉంటుంది? ఒకాయన కోటుకు రెండూ ఎడమ చేతులే కుట్టింది. అత్తగారే కూర్చుని ఆ కుట్లు విప్పింది.

కబురొచ్చింది. క్యాన్సర్ కాదు! గర్భసంచి లోపలి పొరలో గ్రంథులూ కండరమూ కలగలిసి పెరిగే గడ్డట, చాలా అరుదట. తునకలో చూస్తే క్యాన్సర్ కండరంలోకి పాకినట్టే కనబడి బోల్తా కొట్టిస్తుందట. బాబిన్ ఆస్పత్రి బల్ల మీద కూలబడి బావురుమంది. ఆనందంతోనే.

సన్నటి గొట్టంతో కింది నుంచే గడ్డను మొదలంటా తీసేశారు. కోత లేదు, కుట్టు లేదు, గర్భసంచి పదిలం.

"కుట్టే లేకపోతే మాబోటివాళ్లు బతికేదెలాగమ్మా?" అంది బాబిన్ మత్తు దిగీ దిగకముందే. డాక్టరమ్మ పకపకా నవ్వింది. మళ్లీ పెరగొచ్చు, మానకుండా చూపించుకోమంది.

ఇంటికొచ్చి కోలుకున్నాక బాబిన్ ఆ మోటారు ఊడదీసింది. అత్తగారు మిషన్ మీద చెయ్యి వేసి నిమిరింది. "పాపం, దీన్ని అనరాని మాటలన్నాను." తర్వాత కొంగు చాటు నుంచి బుల్లి గౌను తీసింది.

"ఇది ఎప్పుడో నా కంటబడింది. అడగడానికి నోరు రాలేదే. అంచు కుట్టకుండా వదిలేశావేం?"

"ధైర్యం చాలలేదు అత్తమ్మా."

"ఇప్పుడు కుట్టు."

బాబిన్ పెడల్ మీద కాళ్లు పెట్టింది.